పుట్టుమచ్చలు అడిగారు, కళ్లు చూడలేదు

రెండు తెలుగు రాష్ట్రాల రవాణా శాఖ కమిషనర్లకు నమస్కారం.

నేను ఉమ్మడి ఆర్టీసీలో 31 ఏళ్లు బస్సు నడిపి 2013లో రిటైరయ్యాను. ఇప్పుడు నాకు 70. బస్సు వదిలినా చిన్న కారొకటి ఉంది, దాన్ని నేనే నడుపుతాను. ఈమధ్య నా లైసెన్సు రెన్యువల్ అయింది. రెన్యువల్ కావడం లేదని మీ దగ్గరికి రోజూ ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు. నాది తిరగబడ్డ ఫిర్యాదు. నాకు అయిపోయింది. కాకూడని రోజుల్లో, పావుగంటలో, చాలా మర్యాదగా అయిపోయింది.

ఏ ఊళ్లో అన్నది రాయను. ఒక్క ఊరి సంగతే అయితే అక్కడికే వెళ్లి చెప్పుకునేవాణ్ని.

55 దాటినవాడికి లైసెన్సు ఐదేళ్లకే ఇస్తారు. 40 దాటితే రెన్యువల్‌కి డాక్టరు ఇచ్చే ఫారం 1ఏ జతచేయాలి. ఆ ఫారం కోసం నేను ఆసుపత్రికి వెళ్లలేదు, ఆఫీసు ఎదురుగా ఉన్న జిరాక్స్ షాపుకి వెళ్లాను. అక్కడి కుర్రాడు సొరుగు లాగి ఫారాల కట్ట బయటికి తీశాడు. అన్నిటి మీదా డాక్టరు సంతకం, గుండ్రటి స్టాంపు ముందే పడి ఉన్నాయి. ఒక కాగితం మీది నీలం స్టాంపు పై కాగితం వెనక్కి అచ్చుగా అంటుకుని కనిపించింది. ఇంకు ఆరేదాకా కూడా ఆగకుండా కట్ట కట్టేశారన్నమాట.

"పేరు చెప్పు తాతా. పుట్టుమచ్చలు ఎక్కడున్నాయి?"

ఎడమ మోచేతి మీద ఒకటి, మెడ కింద ఒకటి. అవి రెండూ శ్రద్ధగా రాశాడు. బ్లడ్ గ్రూపు అడిగాడు, చెప్పాను. మిగతా గళ్లన్నీ నన్ను అడక్కుండా తనే నింపేశాడు. దూరం కనిపిస్తుంది, రంగుల తేడా తెలుస్తుంది, రేచీకటి లేదు, చెవుడు లేదు. నూట యాభై తీసుకున్నాడు.

"డాక్టరు గారు చూడరా బాబూ?" అన్నాను.

"నడుచుకుంటూ వచ్చావుగా తాతా, ఇంకేం చూడాలి?" అన్నాడు.

తప్పంతా ఆ కుర్రాడి నెత్తిన రుద్దను. అప్పటికి ఆర్నెల్లుగా, రాత్రిపూట ఎదురు లైటు పడితే నాకు చంద్రుడికి గుడి కట్టినట్టు లైటు చుట్టూ గుడి కట్టేది. వయసు కదా అని సరిపెట్టుకున్నాను. మన ఒంటి సంగతి మనమే రాసిచ్చే డిక్లరేషన్ ఫారం 1 ఒకటి ఉంటుంది. దాని కింద నేనే సంతకం పెట్టాను. రేచీకటి ప్రశ్న అందులోనూ ఉంది. చదివాను కూడా.

రెన్యువల్ అయిన మూడు వారాలకు ఒక పెళ్లికి వెళ్లి రాత్రి ఎనిమిదిన్నరకి తిరిగొస్తున్నాం. ధాన్యం రోడ్ల మీద ఆరబోసే రోజులు. సగం రోడ్డుకి వడ్లు పోసి, రాత్రికి నల్ల పట్టా కప్పి, చుట్టూ రాళ్లు పెట్టి వెళ్లారు. ఎదురుగా లారీ వస్తోంది, డిమ్ కొట్టలేదు. దాని వెలుగు నా కళ్లలో పగిలిపోయింది. ఆ వెలుగు పక్కన నల్ల పట్టా ఉన్నట్టే తెలియలేదు. "ఏమయ్యా, కుప్ప! కుప్ప కనపడట్లేదా?" అని మా ఆవిడ నా భుజం పట్టి కుదిపింది. బ్రేకు మీద నిలబడ్డాను. ముందు చక్రం కింద ఒక రాయి పటుక్కున విరిగిన చప్పుడు. కారు ఆగాక చూస్తే పట్టా అంచు బంపరు కింద ఉంది. కుప్ప అవతలి పక్కన కాపలా మనిషి దుప్పటి కప్పుకుని పడుకుని ఉన్నాడు. లేచి కూర్చుని మమ్మల్ని చూసి, ఏమీ అనకుండా విరిగిన రాయి తీసి పక్కన పడేసి ఇంకోటి పెట్టాడు.

ముప్పై ఒక్క ఏళ్లలో నా బస్సు కింద ఒక్క ప్రాణం పోలేదు కమిషనర్ గారూ. ఆ రాత్రి ఇంటికి చేరేదాకా నేనూ మా ఆవిడా మాట్లాడుకోలేదు.

మర్నాడు కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాను. రెండు కళ్లలోనూ శుక్లాలు, కుడి కన్ను బాగా ముదిరింది. "మీరు రాత్రిపూట ఎలా నడుపుతున్నారు?" అని అడిగారావిడ. లైసెన్సు ఉందండీ అన్నాను. వెటకారానికి కాదు, నోటికి ఇంకేం రాలేదు. నెల తేడాలో రెండు కళ్లకీ ఆపరేషన్ చేయించుకున్నాను. ఇప్పుడు మా వీధి చివర ఆగిన కారు నంబరు ఇంటి అరుగు మీద నుంచి చదువుతాను.

ఇక చట్టం. చట్టంలో ఏమీ లేదనుకునేవాళ్లు ఫారాలు తీసి చదవాలి. మంచి పగటి వెలుగులో 25 మీటర్ల దూరం నుంచి కారు నంబరు ప్లేటు చదవగలరా అని స్పష్టంగా అడిగారు. కళ్లజోడు ఉంటే పెట్టుకునే చదవొచ్చు. కారు ప్లేటు మీద అక్షరం ఎత్తు 65 మిల్లీమీటర్లు, మన అరచేయంత కూడా ఉండదు. అది 25 మీటర్ల నుంచి కనిపించాలంటే నిజంగా చూపుండాలి. 1988 మోటారు వాహనాల చట్టం 16వ సెక్షన్ ప్రకారం, జబ్బు వల్లో లోపం వల్లో మనిషి నడపడానికి పనికిరాడని నమ్మడానికి కారణం ఉంటే మీ అధికారి ఎప్పుడైనా మెడికల్ సర్టిఫికెట్ అడగొచ్చు, లైసెన్సు రద్దు చేయొచ్చు. ఒంట్లో బాగాలేదని తెలిసీ నడిపితే 186వ సెక్షన్ కింద మొదటిసారి 1,000 దాకా, ఆ తర్వాత 2,000 దాకా జరిమానా. అంటే ఆ పెళ్లి రాత్రి నేను వెయ్యి రూపాయలు బాకీ పడ్డాను. ప్రశ్న ఉంది, శిక్ష ఉంది. ఆ ప్రశ్న అడిగే మనిషే మధ్యలో లేడు. ఆయన సంతకం మాత్రం సొరుగులో ఉంది.

అడిగే మనిషి ఉంటే ఎలా ఉంటుందో నాకు తెలుసు. సర్వీసులో ఉండగా మమ్మల్ని మెడికల్‌కి హైదరాబాద్ తార్నాకలోని ఆర్టీసీ ఆసుపత్రికి పంపేవాళ్లు. రంగు రంగుల చుక్కల పుస్తకం తెరిచి అందులో అంకె ఏదో చెప్పమనేవాళ్లు. ఒక కన్ను మూసి గోడ మీది అక్షరాలు చదవమనేవాళ్లు. ఘాట్ రోడ్డులో బ్రేకు ఫెయిలైనా బెదరని మనుషులు ఆ గోడ ముందు వణికేవాళ్లు. మాతో ఒకతను ఉండేవాడు, ముందు వెళ్లొచ్చినవాళ్ల దగ్గర ఆఖరి రెండు వరసలు రాయించుకుని బస్సులో కూర్చుని బట్టీపట్టాడు. తీరా వెళ్తే గోడకి వేరే చార్టు ఉంది. ఆయన మాత్రం బట్టీపట్టిందే గడగడా అప్పజెప్పాడు. డాక్టరు గారు నవ్వాపుకోలేకపోయారట.

మేం నవ్వుకున్నాం గానీ ఆయన భయం ఉత్తుత్తిది కాదు. అన్‌ఫిట్ అంటే స్టీరింగ్ పోతుంది. నిన్నటిదాకా డ్రైవర్ గారూ అని పిలిపించుకున్నవాడు రేపు డిపోలో శ్రామిక్‌గా బస్సులు కడగాలి. అందుకే అబద్ధం. ఇప్పుడు ముసలివాళ్ల లైసెన్సు గురించి ఆలోచించేటప్పుడు మీరు గుర్తుపెట్టుకోవాల్సింది ఇదే అనుకుంటాను. నిజం చెబితే ఉన్నదంతా ఊడుతుందంటే ఎవరూ నిజం చెప్పరు, మనిషి తార్నాకలో నిలబడినా, జిరాక్స్ షాపులో నిలబడినా.

నేను అడిగేది ముసలివాళ్ల లైసెన్సులు లాక్కోమని కాదు. ఆ మాట అనేవాళ్లు చాలామందే ఉన్నారు. రాంగ్ రూట్‌లో బైకు మీద ఎదురొచ్చి, నేను బ్రేకు వేస్తే "ఈ వయసులో నీకెందుకు తాతా కారు" అని నన్నే తిట్టి పోయినవాడూ అందులో ఒకడు. కేంద్రం లెక్కల్లో 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చచ్చిపోయినవాళ్లు 1,68,491 మంది. వాళ్లలో మూడింట రెండొంతులు 18 నుంచి 45 ఏళ్ల లోపువాళ్లే. ప్రాణాలు తీసిన కారణాల్లో మొదటిది అతివేగం, అదొక్కటే నూటికి 71 చావుల దగ్గర కనిపిస్తుంది. ముసలివాడికి ఉన్న జబ్బు వేగం కాదు. మా జబ్బులు వేరే.

మా జబ్బులేమిటో కూడా చెప్పుకోవాలి, దాచితే లాభం లేదు. అరవై ఏళ్లవాడి కంటి లోపలికి ఇరవై ఏళ్లవాడికి అందే వెలుగులో దాదాపు మూడోవంతే అందుతుందంటారు డాక్టర్లు. మెడ వెనక్కి తిరగదు, అద్దంలో పడని మూల ఎప్పటికీ చీకటే. జలుబు బిళ్ల వేసుకుంటే మగత. షుగరు మందు వేసుకుని తినడం ఆలస్యమైతే చెమట్లు పట్టి కళ్లు తిరుగుతాయి. గంటకి 60 కిలోమీటర్ల మీద ఉన్న బండి సెకనుకి దాదాపు 17 మీటర్లు పోతుంది. కాలు బ్రేకు మీదికి రావడం ఒక్క సెకను ఆలస్యమైతే బస్సు పొడవుకంటే ఎక్కువ దూరం చేతులారా పోగొట్టుకున్నట్టు.

ఇంకోటి, పిల్లలు ప్రేమతో కొనిపెట్టే ఆటోమేటిక్ కారు. నాన్నకి క్లచ్ బాధ తప్పుతుందని కొంటారు. మా అల్లుడి కారు ఒకసారి నేను నడిపాను. సిగ్నల్ దగ్గర నెమ్మది చేస్తుంటే, మూడు దశాబ్దాలు క్లచ్ తొక్కిన ఎడమ కాలు నన్నడక్కుండానే లేచి బ్రేకుని క్లచ్ తొక్కినట్టు తొక్కింది. బెల్టు పెట్టుకుంది కాబట్టి మా ఆవిడ నుదురు బతికింది. వెనక ఆటోవాడు అన్న మాటలు ఇక్కడ రాయను. బ్రేకు అనుకుని యాక్సిలరేటర్ తొక్కితే ఏమవుతుందో జపాన్ వాళ్లని అడగండి. 2019 ఏప్రిల్‌లో టోక్యోలోని ఇకెబుకురోలో 87 ఏళ్లాయన కారు అలాగే దూసుకుపోయి ఒక తల్లినీ మూడేళ్ల కూతుర్నీ చంపింది. ఆ దేశంలో 75 దాటినవాళ్లకి జ్ఞాపకశక్తి పరీక్ష అంతకుముందే ఉంది. ఆ తర్వాత, 2022 నుంచి, కొన్ని రకాల తప్పులు చేసిన 75 దాటినవాళ్లని బండి నడిపించి మరీ చూస్తున్నారు.

అమెరికాలో ఇల్లినాయి రాష్ట్రంలో 75 దాటితే రోడ్డు టెస్టు అనేవాళ్లు, చాలా ఏళ్లు అదే నడిచింది. తర్వాత దాన్ని 79 చేశారు. ఈమధ్యే ఆ వయసుని 87కి పెంచుతూ చట్టం మార్చారు. ఏ వయసు దగ్గర గీత గీయాలో వాళ్లకే తేలలేదంటే మనకి తేలుతుందని నేననుకోను. నాతోపాటు రిటైరైన ఒకాయన 74 ఏళ్లకి సూదిలో దారం ఎక్కిస్తాడు, ఇంకొకాయనకి 61కే మతిమరుపు. వయసు మీద గీత వద్దు. గీత నేల మీద గీయండి. ఎలాగో చెప్తాను.

మీ ప్రతి ఆఫీసు ఆవరణలో ఒక గోడ ఉంది. దానికి ఒక పాత కారు నంబరు ప్లేటు కొట్టించండి. టేపు పెట్టి 25 మీటర్లు కొలిచి నేల మీద తెల్ల రంగుతో గీత వేయించండి. రెన్యువల్‌కి వచ్చిన ప్రతివాణ్నీ, ముసలీ ముతకా అని కాకుండా 40 దాటిన ప్రతివాణ్నీ, ఆ గీత మీద నిలబెట్టి చదవమనండి. బట్టీపట్టేవాళ్లుంటారు కాబట్టి వారానికోసారి ప్లేటు మార్చండి. ఒక డబ్బా రంగు, నాలుగు మేకులు. చదవలేనివాణ్ని తిట్టొద్దు, ఫీజు మళ్లీ కట్టమనొద్దు. కంటి డాక్టరుకి చీటీ రాసి, చూపించుకుని రమ్మనండి. శుక్లాలకి ఆపరేషన్ ఉంది, కళ్లజోడు నంబరు మారితే అద్దాలున్నాయి. చాలామంది నాలాగే రెండు నెలల్లో తిరిగొచ్చి చదువుతారు.

ఆ ముందే సంతకం పెట్టిన ఫారాల కట్టల సంగతి మీకు నేను చెప్పాలా? ఒకే డాక్టరు ఒకే రోజు ఎన్ని ఫారాలు ఇచ్చారో మీ కంప్యూటర్లో ఆ డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు కొడితే తెలిసేటట్టు చేయండి. సొరుగులు వాటంతటవే ఖాళీ అవుతాయి.

అంతమంది కళ్లు చూడటం మావల్ల కాదనే మాట మాత్రం వద్దు. తెలంగాణలో 2018 ఆగస్టు 15న కంటి వెలుగు మొదలుపెట్టి ఊరూరికీ వెళ్లి కళ్లు చూశారు. ఆంధ్రలో 2019 అక్టోబర్ 10న బడిపిల్లలతో మొదలుపెట్టారు. మా ఊళ్లో పశువుల కాపరి కళ్లు కూడా ప్రభుత్వం చూసింది. బండి తోలేవాడి కళ్లు మాత్రం సొరుగుకి వదిలేస్తామా?

మీ చేతుల్లో లేని పని ఒకటుంది, అది ఢిల్లీకి రాయాలి. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో పగలు మాత్రమే నడపాలనే షరతుతో లైసెన్సు ఇస్తారు. మనకీ అలాంటిదొకటి ఉండాలి. శుక్లాలు ముదరకముందు నాలాంటివాడు పగలు బాగానే నడుపుతాడు, తంటా అంతా పొద్దుగూకాకే. ఇస్తే మొత్తం ఇచ్చి, తీస్తే మొత్తం తీసేసేకంటే ఆ మధ్య దారి ఉంటే, నాకు రాత్రి కనపడదండీ అని మనిషి తనంతట తనే చెప్పుకుంటాడు.

ఎందుకంటే తాళాలు ఇచ్చేయడం చెప్పినంత తేలిక కాదు. పట్నంలో ఫోన్ నొక్కితే ఆటో వస్తుంది. మా పల్లెలకి సాయంత్రం ఆరుకి ఒక బస్సు, ఆ తర్వాత నైట్ హాల్ట్ బస్సు. అది నేను నడిపిన రూటే, ఎన్ని రోజులు వచ్చేదో ఎన్ని రోజులు ఎగ్గొట్టేదో నాకు తెలుసు. రెండు రాష్ట్రాల్లోనూ ఇప్పుడు ఏ రాష్ట్రం ఆడవాళ్లకి ఆ రాష్ట్రంలో బస్సు ఉచితం. ఉచితమే గానీ బస్సు రావాలి కదా అంటుంది మా ఆవిడ. అర్ధరాత్రి గుండెల్లో మంటంటే ఆసుపత్రికి తీసుకెళ్లేది ఈ కారే. పిల్లలు అమెరికా నుంచో బెంగళూరు నుంచో ఫోన్ చేసి "నాన్నా, ఇక నడపొద్దు" అంటారు. సరేరా, మరి మీ అమ్మని డయాలసిస్‌కి ఎవరు తీసుకెళ్తారు అని అడిగాడు మా పక్కింటాయన. అవతల కాసేపు మాట లేదట.

లైసెన్సు తేదీ గురించి నా తోటివాళ్ల తరఫున ఒక మాట. గడువు దాటాక నెల రోజులు చెల్లుతుందని మేమంతా నమ్మేవాళ్లం. ఆ నెల 2019 సవరణతో పోయింది. తేదీ దాటిన మర్నాడు నడిపినా లైసెన్సు లేకుండా నడిపినట్టే, చట్టంలో జరిమానా 5,000. అదే రోజు ఏమన్నా అయితే బీమా కంపెనీ మొదట చూసేది ఆ తేదీనే. ఏడాది దాటితే మళ్లీ టెస్టు పెట్టించుకోవాలి. రెన్యువల్‌కి ఏడాది ముందు నుంచే అప్లై చేసుకోవచ్చన్న సంగతి కూడా చాలామందికి తెలియదు. చలానా పడితే గంటలో ఫోన్‌కి మెసేజ్ పంపే శాఖ, గడువు మూడు నెలల్లో అయిపోతోందని కూడా తెలుగులో ఒక మెసేజ్ పంపగలదు.

లారీలు, కొత్త కార్ల తెల్ల లైట్ల గురించి రాయడం మొదలుపెడితే ఇంకో ఉత్తరం అవుతుంది. డిమ్ కొట్టాలని చట్టంలో ఉంది. రాత్రిపూట హైవే మీద ఒక్క గంట నిలబడితే ఎంతమంది కొడుతున్నారో మీకే తెలుస్తుంది. వడ్లు రోడ్డు మీద పోసే రైతుని నేను తప్పుపట్టను, కల్లాలు లేక పోస్తున్నాడు. రాత్రికి ఆ పట్టా చివర మెరిసే టేపు ముక్క ఒకటి అంటించమని చెప్పించండి చాలు. ఆ కాపలా మనిషి ఇప్పటికీ నాకు కలలోకి వస్తాడు. ఏమీ అనకుండా రాయి మార్చి పెట్టుకుంటూ ఉంటాడు.

నా లైసెన్సుకి మళ్లీ ఐదేళ్లకి గడువు. అప్పటికి నాకు 75. బతికుంటే మీ ఆఫీసుకి నేనే కారు నడుపుకుంటూ పగటిపూట వస్తాను. గోడకి ప్లేటు కొట్టించి ఉంచండి, నేల మీద గీత చూపించండి. పుట్టుమచ్చలు మళ్లీ అడగక్కర్లేదు, రెండూ ఎక్కడివక్కడే ఉన్నాయి.

ఇట్లు
ఒక రిటైర్డ్ ఆర్టీసీ డ్రైవర్